గేమ్ మన చేతిలో, మెషీన్ ఇంకెక్కడో: క్లౌడ్ గేమింగ్‌లో మనం అద్దెకి తీసుకునేది అసలు ఏంటి?

బెజవాడలో ఉండే మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్‌లో చేరాడు. చేరిన రోజు నుంచీ వాడికి గేమింగ్ పీసీ పిచ్చి పట్టింది. ఆరు నెలలు వెంటపడి, అలిగి, మార్కులు చూపించి, చివరికి మా బాబాయిని 85 వేలకి ఒప్పించాడు. ఇంతలో 2025 నవంబరులో ఓ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి గుసగుసగా మొదలుపెట్టాడు. "అన్నయ్యా, ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ ఇండియాకి వచ్చేసిందంట కదా. నెలకి 499 కడితే నా డొక్కు లాప్‌టాప్‌లోనే పెద్ద గేములన్నీ ఆడొచ్చంట. నిజమేనా? ఈ మాట నాన్న చెవిన పడిందంటే 85 వేలు గోవిందా."

నిజమే, కానీ సగమే నిజం. మిగతా సగం చెప్పడానికి ఆ రాత్రి గంటన్నర పట్టింది. వాడిలాగే చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఆ గంటన్నర మాటల్ని ఇక్కడ కాస్త సర్ది పెడుతున్నాను.

అసలు ఏం జరుగుతోంది

మామూలుగా గేమ్ ఆడాలంటే ఇంట్లో ఒక మెషీన్ ఉండాలి. అది పీసీ అయినా, కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్) అయినా, ఫోన్ అయినా సరే. గేమ్ దాని మీదే నడుస్తుంది, బొమ్మని అదే గీస్తుంది. పెద్ద గేముల్లో బొమ్మ గీసే పనికి గ్రాఫిక్స్ కార్డు కావాలి, ఖర్చంతా దాని దగ్గరే.

క్లౌడ్ గేమింగ్‌లో ఆ మెషీన్ మీ ఇంట్లో ఉండదు, కంపెనీ డేటా సెంటర్‌లో ఉంటుంది. గేమ్ అక్కడే నడుస్తుంది. బొమ్మ అక్కడే తయారై, వీడియోగా మారి, ఇంటర్నెట్ మీద మీ స్క్రీన్ మీదకి వస్తుంది. ఇటు నుంచి మీరు పంపేది బటన్ నొక్కిన సమాచారం మాత్రమే, అది ఎంతో ఉండదు. మీ లాప్‌టాప్ చేసే పనల్లా వచ్చిన వీడియోని చూపించడం, అది యూట్యూబ్ చూసినంత తేలిక. అందుకే ఎనిమిదేళ్ల కిందటి లాప్‌టాప్‌లో కూడా లక్ష రూపాయల పీసీలో కనిపించే బొమ్మ కనిపిస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో ఆన్‌లైవ్ అనే కంపెనీ 2010లోనే ఇది మొదలుపెట్టింది, 2015లో మూతపడింది. గైకై అనే మరో కంపెనీని సోనీ 2012లో 38 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది, ప్లేస్టేషన్ స్ట్రీమింగ్ దాని మీదే మొదలైంది. అంటే 15 ఏళ్లుగా "రేపటి గేమింగ్ ఇదే" అంటూనే ఉన్నారు.

ట్యాంకు నీళ్లు, కుళాయి నీళ్లు

"ఓటీటీలో 4కే సినిమా ఆగకుండా వస్తోంది కదా, గేమ్ ఎందుకు రాదు?" అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే, అడగాల్సిందే కూడా.

మున్సిపాలిటీ నీళ్లు ఎప్పుడు వస్తాయో, ఎంత సన్నగా వస్తాయో మనకి తెలియదు. అయినా బాత్రూంలో షవర్ తిప్పితే నీళ్లు ఒకే తీరుగా పడతాయి, ఎందుకంటే మేడ మీద ట్యాంకు ఉంది. ఓటీటీ సినిమా అలాంటిదే. యాప్ ముందుగానే అర నిమిషమో నిమిషమో వీడియో దించుకుని పెట్టుకుంటుంది, ఆ మధ్యలో నెట్ రెండు సెకన్లు ఆగినా మీకు తెలియను కూడా తెలియదు.

గేముకి ట్యాంకు పెట్టలేం. మీరు వచ్చే సెకనులో ఎడమకి తిరుగుతారో కుడికి తిరుగుతారో సర్వర్‌కి ముందే తెలియదు కాబట్టి, రాబోయే వీడియోని ముందే తయారుచేసి పంపడం కుదరదు. నొక్కిన తర్వాతే గీయాలి, గీసిన వెంటనే పంపాలి. ఇది కుళాయి కింద దోసిలి పెట్టి నీళ్లు తాగడం లాంటిది. నీళ్లు ఒక్క క్షణం ఆగినా దోసిలి ఖాళీ.

అందుకే క్లౌడ్ గేమింగ్‌ని ఓటీటీతో కాదు, వీడియో కాల్‌తో పోల్చుకోవాలి. మీ ఇంట్లో వీడియో కాల్ మధ్యలో మొహాలు గడ్డకట్టినట్టు ఆగిపోతుంటే, ఓటీటీ ఎంత బాగా వస్తున్నా గేమ్ బాగా రాదు.

బటన్ నొక్కిన తర్వాత: మిల్లీసెకన్ల లెక్క

బటన్ నొక్కడానికీ స్క్రీన్ మీద మార్పు కనిపించడానికీ మధ్య పట్టే సమయాన్ని లేటెన్సీ అంటారు, ఆడేవాళ్ల భాషలో ల్యాగ్. సెకనులో వెయ్యో వంతు మిల్లీసెకను. చాలామంది అనుకోనిదేంటంటే, ఇంట్లో పీసీ మీద ఆడినా ల్యాగ్ సున్నా కాదు.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే, గేముని బట్టీ టీవీని బట్టీ మారతాయి. ఇంట్లో ఉన్న మెషీన్ మీద సెకనుకి 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో, నడిచే గేమ్ అనుకోండి. కంట్రోలర్ నుంచి సిగ్నల్ చేరడానికి 8, గేమ్ ఆలోచించి బొమ్మ గీయడానికి 50, టీవీ చూపించడానికి 12. మొత్తం 70 మిల్లీసెకన్లు.

అదే క్లౌడ్‌లో అయితే ఈ 70 ఎక్కడికీ పోదు. దాని మీద నెట్‌లో వెళ్లి రావడానికి 30, బొమ్మని వీడియోగా కుదించడానికి 10, మీ దగ్గర ఆ వీడియోని విప్పడానికి 10 కలుస్తాయి. 120 అయింది. సర్వర్ మన దేశంలో కాకుండా సింగపూర్‌లో ఉంటే నెట్ వాటా 30 కాస్తా 90 అవుతుంది, మొత్తం 180.

ఈ దూరం సంగతి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఇక్కడ ఎంత డబ్బున్న కంపెనీ అయినా చేతులెత్తేయాల్సిందే. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకి 200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ముంబైకి తిన్నగా గీత గీస్తే 620 కిలోమీటర్లు, పోయి రావడానికి 6 మిల్లీసెకన్లు చాలు. సింగపూర్ 3,300 కిలోమీటర్లు, పోయి రావడానికి 33. ఇది గీత గీసినట్టు కేబుల్ ఉంటే వచ్చే లెక్క. కేబుల్ సముద్రం అడుగున వంకర్లు తిరుగుతూ, దారిలో డజను రూటర్లు దాటుతూ వస్తుంది కాబట్టి అసలు అంకె రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు. వెలుతురు వేగాన్ని ఎవరూ పెంచలేరు, సర్వర్‌ని దగ్గరికి తెచ్చుకోవడం ఒక్కటే దారి. అందుకే "ఇండియాలో లాంచ్ అయింది" అన్న వార్తకి అంత విలువ. వీపీఎన్ (వేరే దేశంలో ఉన్నట్టు నెట్‌కి చూపించే యాప్) పెట్టుకుని ఆ దేశం సర్వీసు వాడేవాళ్లకీ, దేశంలోని సర్వర్ వాడేవాళ్లకీ అనుభవంలో తేడా ఇక్కడే వస్తుంది.

ఇంకో తమాషా చూడండి. చాలా టీవీల్లో గేమ్ మోడ్ అని ఒకటుంటుంది. అది ఆన్ చేయకపోతే టీవీ బొమ్మని అందంగా చేయడానికి తీసుకునే సమయం 12 కాస్తా 80 అయిపోవచ్చు. అంటే ఆ ఒక్క సెట్టింగ్ మర్చిపోయినవాడు తన సర్వర్‌ని సింగపూర్‌కి తోలేసినంత పని చేసుకున్నట్టు, అయినా తిట్లన్నీ క్లౌడ్‌కే.

120 అంటే ఎక్కువా తక్కువా అనేది గేముని బట్టి ఉంటుంది. వంతులవారీగా ఆడే వ్యూహాల గేములకీ, కథ చెప్పే గేములకీ 180 ఉన్నా ఇబ్బంది ఉండదు. కార్ రేసుకి 120 దగ్గర చెయ్యి అలవాటు పడిపోతుంది. ఎదుటివాడు కనిపించిన క్షణంలో కాల్చాల్సిన పోటీ షూటింగ్ గేముల్లో మాత్రం అవతలివాడు 70తో ఆడుతూ మీరు 120తో ఆడుతుంటే, మీరు నొక్కేసరికే పని అయిపోయి ఉంటుంది. ఫైటింగ్ గేములూ అంతే.

దీనికి కంపెనీల దగ్గర ఒక జవాబు ఉంది, న్యాయంగా అదీ చెప్పాలి. సర్వర్‌లో గేముని 60 కాకుండా 120 ఫ్రేములతో నడిపితే బొమ్మ గీసే 50 దాదాపు సగానికి పడిపోతుంది, నెట్ తినేసిన సమయంలో కొంత అలా తిరిగొస్తుంది. గ్రాఫిక్స్ కార్డులు తయారుచేసే ఎన్విడియా తన క్లౌడ్ గేమింగ్ సర్వీసు పై ప్లానులో చేసేది ఇదే. పాత కన్సోల్ మీద 30 ఫ్రేములతో ఆడిన వాడికి ఇది తన ఇంటి మెషీన్ కన్నా చురుగ్గా అనిపించినా తప్పులేదు.

200 ఎంబీపీఎస్ ఉంది, అయినా ఎందుకు ఆగుతోంది

స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ చూపించి "చూడు, 200 వస్తోంది" అంటారు. క్లౌడ్ గేమింగ్‌కి 200 అక్కర్లేదు. ఎన్విడియా అడిగేది, బొమ్మ స్పష్టత 720పీ అయితే 15, 1080పీ అయితే 25, 4కే అయితే 45 ఎంబీపీఎస్. ఇవాళ ఊళ్లలో కూడా ఫైబర్ ఉన్న ఇంటికి ఇది పెద్ద విషయం కాదు.

చూడాల్సింది వేరే మూడు. ఒకటి పింగ్, అంటే సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం. ఎన్విడియా 80 మిల్లీసెకన్ల లోపు ఉండి తీరాలంటుంది, 40 లోపు ఉంటే మంచిదంటుంది. రెండోది జిట్టర్, అంటే ఆ పింగ్ నిలకడగా ఉందా, ఓసారి 20, ఓసారి 110 అని గంతులేస్తోందా అన్నది. మూడోది దారిలో తప్పిపోయే ప్యాకెట్లు, అంటే నెట్‌లో సమాచారం ప్రయాణించే చిన్న ముక్కలు. నిలకడగా 50 ఉన్న లైను, 20కీ 110కీ మధ్య ఊగే లైను కన్నా వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే ఆలస్యం ఒకేలా ఉంటే చెయ్యి దానికి అలవాటు పడుతుంది, మారుతూ ఉంటే పడదు.

కూకట్‌పల్లిలో మేమున్న ఫ్లాట్‌లో నేను మూడు వారాలు ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకున్నాను, రెండుసార్లు మనిషిని కూడా పిలిపించాను. ఆయన వచ్చినప్పుడల్లా అంతా బాగానే ఉండేది, ఆయన వెళ్లాక రాత్రి తొమ్మిదింటికి మళ్లీ బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయేది. చివరికి లాప్‌టాప్ నుంచి బయటి సర్వర్‌కి కాకుండా హాల్లో ఉన్న మా రూటర్‌కే పింగ్ పెట్టి చూశాను. ఇరవై అడుగుల దూరం. 3, 4, 3, 88, 5, 140, 4. కంపెనీ లైను వరకు పోనే లేదు, గొడవంతా మా గోడల మధ్యే. లాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉంది, అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ల రూటర్లు పద్నాలుగు అదే బ్యాండ్‌లో అరుస్తున్నాయి, దానికి తోడు సరిగ్గా తొమ్మిదింటికి మా ఇంట్లో కూరలు మైక్రోవేవ్‌లో వేడెక్కుతాయి. మైక్రోవేవ్ పనిచేసేది కూడా 2.4 దగ్గరే! నాలుగు వందల రూపాయలు పెట్టి ల్యాన్ కేబుల్ లాగాక అంకెలు 1, 1, 1. కేబుల్ కుదరనివాళ్లకి 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ చాలావరకు పని చేస్తుంది, కాకపోతే రెండు కాంక్రీట్ గోడలు దాటితే దాని పస అయిపోతుంది.

మూడు రకాల అద్దెలు

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. "క్లౌడ్ గేమింగ్ సర్వీసుల్లో ఏది బెస్ట్" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అవన్నీ ఒకే సరుకు అమ్మడం లేదు. పెళ్లికి ఫంక్షన్ హాల్ మాట్లాడుకోవడం గుర్తు తెచ్చుకోండి.

కొన్ని హాళ్లలో భోజనాలతో కలిపి ప్యాకేజీ ఉంటుంది. హాలూ వాళ్లదే, వంటా వాళ్లదే, మెనూ కూడా వాళ్లదే. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ ఇలాంటిది. నెల చందాలోనే మెషీనూ గేములూ రెండూ వస్తాయి. 2025 అక్టోబరు నుంచి దీని మూడు ప్లానుల్లోనూ క్లౌడ్ ఉంది. 2025 చివర్లో ధరలు ఇలా ఉండేవి: ఎసెన్షియల్ 499 రూపాయలు, 50కి పైగా గేములు. ప్రీమియం 699, 200కి పైగా. అల్టిమేట్ 1,389, 400కి పైగా, పెద్ద గేములు విడుదలైన రోజే ఆడటం, బొమ్మ నాణ్యత ఎక్కువ, క్యూలో వెయిటింగ్ తక్కువ. మా తమ్ముడు చూసిన 499 ప్రకటనలో ఆడొచ్చన్న "పెద్ద గేములన్నీ" ఉండేది ఈ మూడో ప్లానులో. మెనూలో వంకాయ కూర ఈ నెల ఉంటుంది, వచ్చే నెల తీసేయొచ్చు. గేములు వస్తుంటాయి, పోతుంటాయి. మీరు సొంతంగా కొన్న గేముల్లో కొన్నింటిని స్ట్రీమ్ చేసుకునే వీలు కూడా తర్వాత కలిపారు కాబట్టి ప్యాకేజీలోకి బయటి స్వీట్లు కాస్త అనుమతించినట్టే. సోనీ ప్లేస్టేషన్ ప్లస్ ప్రీమియం కూడా ఈ కోవే, కానీ క్లౌడ్ సౌకర్యం లేని దేశాలకి సోనీ ఇచ్చే పై ప్లాను పేరు డీలక్స్, మనకి అమ్మేది అదే.

రెండో రకం, ఖాళీ హాలు. వంటవాళ్లని మీరే తెచ్చుకోవాలి. ఎన్విడియా జీఫోర్స్ నౌ ఇది. మెషీన్ మాత్రం వాళ్లది, గేములు మీరు స్టీమ్, ఎపిక్ లాంటి ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో కొనుక్కున్నవి. నెలకి 9.99 డాలర్ల ప్లాను ఒకటి, 19.99 డాలర్ల అల్టిమేట్ ఒకటి, గంట ఆడి మళ్లీ క్యూలో నిలబడాల్సిన ఉచిత ప్లాను ఒకటి. డబ్బు కట్టినవాళ్లకీ నెలకి 100 గంటల పరిమితి పెట్టారు, అంటే రోజుకి 3 గంటల 20 నిమిషాలు. మా తమ్ముడి లాంటివాడికి పరీక్షల నెలలో సరిపోతుంది, సెలవుల్లో సరిపోదు. ఇండియాకి 2025 మొదటి సగంలోనే వస్తామని ఎన్విడియా ఆ జనవరిలో చెప్పింది, ఆగస్టుకల్లా ఆ మాట నవంబరు అయింది.

వంటవాళ్లని మీరే తెచ్చుకోవచ్చు అన్నాను కదా, అందులో ఓ మెలిక ఉంది. 2020 ఫిబ్రవరిలో జీఫోర్స్ నౌ పూర్తిస్థాయిలో మొదలైన కొద్ది రోజులకే యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే పెద్ద గేముల కంపెనీ తన గేములన్నీ తీసేయించింది, తర్వాత బెథెస్డా, 2కే అనే కంపెనీలు కూడా. నేను డబ్బు పెట్టి కొన్న గేముని అద్దెకి తెచ్చుకున్న కంప్యూటర్‌లో ఆడుకుంటే మధ్యలో మీదేం పోయిందని ఆడేవాళ్లు అడిగారు. మీరు కొన్నది మీ మెషీన్ మీద ఆడే లైసెన్సు, దాన్ని చూపించి వేరే కంపెనీ వ్యాపారం చేసుకుంటే మాకు వాటా ఉండాలి కదా అని ప్రచురణకర్తలు అన్నారు. రెండు వైపులా తర్కం ఉంది. చివరికి ప్రచురణకర్త ఒప్పుకుంటేనే గేమ్ అక్కడ ఉండేలా పద్ధతి మారింది. కాబట్టి మీ స్టీమ్ లైబ్రరీలో 60 గేములుంటే 60 అక్కడ ఆడగలరని కాదు, డబ్బు కట్టే ముందు జాబితా చూసుకోవాల్సిందే.

మూడో రకం, హాలు కాదు, ఏకంగా ఖాళీ ఇల్లు. షాడో అనే ఫ్రెంచ్ సర్వీసు పూర్తి విండోస్ కంప్యూటర్‌నే అద్దెకిస్తుంది. గేమ్ పెట్టుకోండి, మాడ్లు (గేముకి ఆడేవాళ్లే చేసే మార్పులు) వేసుకోండి, వీడియో ఎడిట్ చేసుకోండి, మీ ఇష్టం. అప్‌డేట్లు, డ్రైవర్లు, స్థలం చాలకపోవడం లాంటి తలనొప్పులు కూడా మీవే. దాన్ని నడిపిన బ్లేడ్ కంపెనీ 2021లో దివాలా అంచుకి వెళ్లి చేతులు మారింది. ఒక్కో వినియోగదారుడి కోసం ఒక్కో ఖరీదైన మెషీన్ పెట్టి, దాన్ని చౌకగా అద్దెకివ్వడం ఎంత కష్టమైన బేరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అమెజాన్ లూనా పేరు కూడా వింటుంటారు, అదీ ప్యాకేజీ రకమే. మన టెలికాం కంపెనీల సర్వీసులు, జియోగేమ్స్ క్లౌడ్, వీఐ 2024లో నెలకి 100 రూపాయలకి తెచ్చిన క్లౌడ్ ప్లే లాంటివి, వేరే లీగు. క్లౌడ్ ప్లేలో ఉన్నవి ఎక్కువగా ఫోన్ గేములు, చౌక ఫోన్‌లో డౌన్‌లోడ్ లేకుండా ఆడుకోవడానికి.

స్టేడియా ఎందుకు పోయింది

నాలుగో రకం ఒకటి ఉండేది. గూగుల్ స్టేడియా 2019 నవంబరు 19న మొదలైంది. అందులో గేముని పూర్తి ధర పెట్టి స్టేడియా దుకాణంలోనే కొనాలి, స్టేడియాలోనే ఆడాలి. ఫంక్షన్ హాల్‌లోనే పట్టుచీర కొనుక్కుని, ఆ హాల్లో తప్ప ఇంకెక్కడా కట్టుకోవడానికి వీల్లేనట్టు. టెక్నాలజీ బాగానే పనిచేసింది, ఆడినవాళ్లు ఎక్కువమంది అదే చెప్పారు. కానీ గూగుల్ దేన్ని ఎప్పుడు మూసేస్తుందో అన్న భయంతో జనం కొనలేదు. జనం కొనకపోయేసరికి గూగుల్ మూసేసింది. 2022 సెప్టెంబరు 29న ప్రకటించి, 2023 జనవరి 18న ఆపేశారు.

ఒక్క మంచిపని చేశారు. గూగుల్ స్టోర్‌లో కొన్న కంట్రోలర్లకీ, స్టేడియాలో కొన్న గేములకీ డబ్బు తిరిగిచ్చేశారు. ఇది గూగుల్ కాబట్టి ఇచ్చింది, అందరూ ఇస్తారన్న నమ్మకమేమీ లేదు. (అదే గూగుల్ 2025 అక్టోబరులో విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది, అంతర్జాతీయ సముద్రపు కేబుళ్లు కూడా అక్కడికి వస్తాయట. వైజాగ్ కుర్రాళ్లు ఎగిరి గంతేయకండి, అది గేముల కోసం కాదు. కేబుల్ తీరానికి చేరితే మాత్రం దాని మీద ఏం పారుతుందో ఎవరు చూడొచ్చారు.)

ఈ కథ వల్ల మూడు అద్దెల మధ్య అసలు తేడా బయటపడుతుంది. సర్వీసు రేపు మూతపడితే మీ చేతిలో ఏం మిగులుతుంది? ప్యాకేజీలో ఏమీ మిగలదు, కానీ ఏదో కొన్నామన్న భ్రమా ఉండదు. ఖాళీ హాలు మూసేస్తే మీ గేములు స్టీమ్‌లో భద్రంగా ఉంటాయి, వేరే మెషీన్ చూసుకోవాలంతే. స్టేడియా పద్ధతిలో కొన్నామనుకున్నదీ పోతుంది.

85 వేలు vs 499

మా తమ్ముడి లెక్కకి వద్దాం, 2025 చివరి ధరలతోనే. వాడు పీసీ కొంటే అయిదేళ్లు వాడతాడనుకుందాం.

ఎసెన్షియల్ అయిదేళ్లకి 499 × 60, అంటే 29,940 రూపాయలు. 85 వేల పక్కన ఇది చవకే. కానీ వాడికి కావాల్సిన కొత్త గేములు అల్టిమేట్‌లో ఉన్నాయి. 1,389 × 60 అంటే 83,340. వాడి పీసీ బడ్జెట్‌తో దాదాపు సమానం!

ఇక్కడే ఇంకో సంగతి. 2025 అక్టోబరుకి ముందు అదే అల్టిమేట్ 829 ఉండేది. పాత ధరతో అయిదేళ్లకి 49,740. ఒక్క ప్రకటనతో 33,600 రూపాయలు పెరిగింది, మీరు ఏమీ చేయకుండానే. కొన్న పీసీ ధరని అమ్మినవాడు మూడో ఏట వచ్చి పెంచలేడు కదా. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.

అలాగని పీసీ వైపు లెక్కలో దాచేవి లేవా అంటే ఉన్నాయి. 85 వేలు మెషీన్‌కి మాత్రమే, గేములు వేరే కొనాలి, కొత్త పెద్ద గేమ్ ఒక్కోటి మూడు నాలుగు వేలు దాటేస్తుంది. ఆడేటప్పుడు 400 వాట్లు లాగే పీసీని రోజుకి 3 గంటలు వాడితే నెలకి 36 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా 252. 50 వాట్ల లాప్‌టాప్‌కి అదే 31 రూపాయలు చిల్లర. నాలుగో ఏడు వచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డు పాతబడుతుంది, క్లౌడ్‌లో అయితే ఆ మార్చడమేదో కంపెనీ చూసుకుంటుంది. ఇటు పీసీని చివర్లో ఎంతో కొంతకి అమ్ముకోవచ్చు, పైగా ఇంజినీరింగ్ పిల్లాడికి అది గేములకే కాదు, ప్రాజెక్టులకీ పనికొస్తుంది.

ఇంకో కోణం కూడా ఉంది, చందాని ఆపేయొచ్చు. ఏడాదికి ఎండాకాలం సెలవుల్లో రెండు నెలలు మాత్రమే ఆడేవాడికి అల్టిమేట్ 2,778 రూపాయలతో అయిపోతుంది. వాడికి 85 వేల పీసీ శుద్ధ దండగ. రోజూ ఆడేవాడికి లెక్క తిరగబడుతుంది.

డేటా ఎంత తాగుతుంది

10 ఎంబీపీఎస్ దగ్గర గంటకి నాలుగున్నర జీబీ, 20 దగ్గర 9 జీబీ. ఫైబర్ ప్లానుల్లో చాలావాటికి నెలకి 3,300 జీబీ పరిమితి ఉంటుంది, 20 ఎంబీపీఎస్‌తో ఆడినా 366 గంటలు వస్తుంది కాబట్టి దిగులు లేదు. మొబైల్ డేటా మీద అయితే వేరే కథ. రోజుకి 2 జీబీ ప్యాక్ 10 ఎంబీపీఎస్ దగ్గర 26 నిమిషాల 40 సెకన్లలో ఖాళీ. అన్‌లిమిటెడ్ 5జీ ఉన్నచోట డేటా సమస్య తీరుతుంది, జిట్టర్ సమస్య తీరదు.

సొంతం అన్న మాటకి అర్థం ఏంటి

ఈ గొడవ గేములు ఆడేవాళ్లది మాత్రమే కాదు. మైక్రోసాఫ్ట్ దాదాపు 6,900 కోట్ల డాలర్లకి యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని కొంటానంటే, 2023 ఏప్రిల్‌లో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ అడ్డుపడింది. అడ్డుపడింది కన్సోళ్ల గురించి కాదు, క్లౌడ్ గేమింగ్ గురించి. ప్రపంచ క్లౌడ్ గేమింగ్‌లో 60 నుంచి 70 శాతం ఇప్పటికే మైక్రోసాఫ్ట్ చేతిలో ఉందనీ, పెద్ద గేములు కూడా దాని చేతికే పోతే పోటీ చచ్చిపోతుందనీ వాళ్ల వాదన. ఇంకా పుట్టీపుట్టని మార్కెట్ గురించి ఇంత భయమెందుకని మైక్రోసాఫ్ట్ అంది. యూరోపియన్ యూనియన్ మధ్యేమార్గంగా, ఆ గేముల్ని పదేళ్లపాటు ఇతర క్లౌడ్ సర్వీసులకీ ఇస్తానన్న హామీ తీసుకుని ఒప్పుకుంది. చివరికి యాక్టివిజన్ అప్పటికే ఉన్న గేములతో పాటు తర్వాతి 15 ఏళ్లలో తెచ్చే గేముల క్లౌడ్ హక్కుల్ని కూడా యూబీసాఫ్ట్ అనే మరో గేముల కంపెనీకి అప్పగించాకే, 2023 అక్టోబరు 13న బేరం ముగిసింది.

క్లౌడ్‌ని సమర్థించేవాళ్ల మాటలో బలముంది. మెషీన్ కొనే స్తోమత లేని ఇంటి పిల్లాడికి ఇదొక్కటే తలుపు. డౌన్‌లోడ్ కోసం 100 జీబీ కాచుక్కూర్చునే పని లేదు, ఆడి చూసి నచ్చకపోతే పక్కన పడేయొచ్చు. వ్యతిరేకించేవాళ్లది ఇంకో భయం. డిస్కు మీదో హార్డ్ డిస్క్ మీదో ఉన్న గేముని ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు నడిపించి చూస్తారు. సర్వర్‌లో మాత్రమే బతికిన గేమ్ సర్వర్‌తోనే పోతుంది, స్టేడియాకి మాత్రమే వచ్చిన కొన్ని గేములకి అదే గతి పట్టింది. నాకైతే రెండో భయమే ఎక్కువ నిజమనిపిస్తుంది, కానీ 85 వేలు లేనివాడి ముందు నిలబడి ఆ మాట అనాలంటే కొంచెం మొహమాటంగా ఉంటుంది.

మా వాడు ఏం చేశాడంటే

దాచిన మాట దాగలేదు, బాబాయికి ఆఫీసులో ఎవరో చెప్పారు. "499కే వస్తుందంట కదరా" అని ఆయన, "అది వేరు నాన్నా" అని వీడు. ఒక నెల ఎసెన్షియల్ తీసుకుని చూద్దాం, ఆ తర్వాతే పీసీ మాట అని ఒప్పందం కుదిరింది. మొదటి రెండు రోజులూ వైఫై మీద ఆడి, చూశావా నాన్నా ఎలా ఆగిపోతోందో అని సంతోషంగా చూపించాడట. మూడో రోజు బాబాయి నాకు ఫోన్ చేశారు. రూటర్ నుంచి గదికి కేబుల్ లాగమన్నాను. లాగారు. హాల్ అడ్డంగా పోయే ఆ తీగకి తగులుకుని మా పిన్ని రెండుసార్లు తూలింది, కార్ రేసు మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ తర్వాత వాడు నాకు ఫోన్ చేసి "ఎందుకు చెప్పావు అన్నయ్యా ఆ కేబుల్ సంగతి" అన్నాడు.